విజయనగరం నడివీధిలో డాన్స్ వీడియో తీయాలంటే: సొంత పాట ఉన్న ఒక తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను, పెట్టిన రిహార్సల్ క్లిప్పూ చూశాను. సొంతంగా రాసి, సొంతంగా పాడిన మూడు నిమిషాల పాప్ పాట ఉంది. బీట్, అంటే పాట వెనక వినిపించే మ్యూజిక్ ట్రాక్, ఆన్‌లైన్‌లో కొన్నావు. డాన్సర్లు ఆరుగురు, అందులో నలుగురు అమ్మాయిలు. చేతిలో 40 వేలున్నాయి. ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర, గంటస్తంభం దగ్గర, కళింగపట్నం బీచ్‌లో తీద్దామనుకుంటున్నావు. పర్మిషన్లు ఎవరివి కావాలి, జనం అడ్డొస్తే ఏం చెయ్యాలి, ఫోన్‌తో తీస్తే పరువుంటుందా అని అడిగావు. మన వైపు ఆల్బమ్ పాటలకి చాలా ఏళ్లుగా డాన్సులు కడుతున్నదాన్ని, చిన్న వీడియోలు డైరెక్ట్ చేస్తున్నదాన్ని. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

పర్మిషన్ల సంగతికి వస్తాను. దానికన్నా ముందు ఆ క్లిప్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే అసలు సమస్య అక్కడుంది. స్టెప్పులు బావున్నాయి. పిల్లలు కష్టపడ్డారు, ఎక్కడా కౌంట్ తప్పలేదు. కానీ అది అద్దం ముందు కట్టిన డాన్స్. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు, పాట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఆరుగురూ ఒకే గోడ వైపు చూస్తున్నారు. హాల్లో సరిపోతుంది, స్టేజీ మీదా సరిపోతుంది. దాన్ని యథాతథంగా గంటస్తంభం దగ్గర ఆడితే, మనూరు వెనకాల కట్టిన పరదాలా ఉండిపోతుంది. అదే కావాలంటే గ్రీన్‌మ్యాట్ వేసుకుంటే చాలదా? ఇంతమందిని చీకటితో లేపి రోడ్డు మీదకి తీసుకురావడం ఎందుకు?

మన సిక్కోలు (శ్రీకాకుళం), ఇజీనారం (విజయనగరం) పల్లెల్లో తప్పెటగుళ్లు చూసే ఉంటావు. రొమ్ము మీద రేకు వాయిద్యం కట్టుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, గజ్జెల కాళ్లతో గుండ్రంగా తిరుగుతూ ఎగిరెగిరి ఆడతారు. చూసేవాళ్లు నాలుగు వైపులా ఉంటారు. అందుకే ఆ ఆటలో ముందు, వెనక అనేవి లేవు. నువ్వు ఎటు నిలబడి చూసినా ఒకడి మొహం, ఇంకొకడి వీపు, మరొకడి పక్క కనిపిస్తూనే ఉంటాయి, బృందం కదులుతూనే ఉంటుంది. వీధిలో ఆడాలని పుట్టిన ఆట కాబట్టి వీధికి తగ్గట్టు ఉంది. నీ పాటలో తప్పెటగుళ్ల స్టెప్పులు వెయ్యమని అనట్లేదు. వెయ్యాలనుకుంటే ఒక బృందాన్ని పిలిచి, డబ్బులిచ్చి, వాళ్ల పేర్లు, ఊరి పేరు వీడియోలో పెట్టి చెయ్యి. యూట్యూబ్‌లో చూసి ఎత్తుకోకు. నీకు ఇప్పుడు పనికొచ్చేది వాళ్ల అమరిక.

నీ పాట 100 బీపీఎం, అంటే నిమిషానికి 100 బీట్లు (తాళం దెబ్బలు) అన్నావు. మూడు నిమిషాలంటే 300 బీట్లు, డాన్స్‌లో ఎనిమిది బీట్లని ఒక ఎయిట్‌గా లెక్కేస్తాం, అంటే 37 ఎయిట్లూ ఇంకో నాలుగు బీట్లూ. ఇందులో గట్టిగా ఆడే డాన్స్ 16 ఎయిట్లకి మించక్కర్లేదు. మిగతాదంతా నడక, చూపు, ఒక్కొక్కరు వచ్చి కలవడం. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం నడిచి వెళ్లేంత దూరమే కదా. పాటంతా ఆ దారే అనుకో. మొదటి చరణంలో నువ్వొక్కడివే నడుస్తూ పాడు. ఒక పిల్ల టీ కొట్టు దగ్గర్నుంచి, ఇంకో పిల్ల సైకిలు దిగి, ఒకడు షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ వచ్చి నీ అడుగులో అడుగు కలుపుతారు. పల్లవి వచ్చేసరికి ఆరుగురూ నీతో ఉంటారు, డాన్స్ అక్కడ విచ్చుకుంటుంది. ఆఖరి పల్లవి స్తంభం దగ్గర. 1885లో కట్టిన ఆ స్తంభం ఎనిమిది పలకలది. ఒక్కో ఎయిట్‌కి ఒక పలక జరుగుతూ చుట్టూ తిరిగే డాన్స్ కట్టు, కెమెరా ఎదురు దిశలో తిరగనీ. అప్పుడు వెనకాల ఒక్కో వీధి, ఒక్కో కొట్టు మారుతూ వస్తాయి. ఆ వీడియో ఇంకే ఊళ్లోనూ తియ్యలేరు.

ఇలా ఆలోచిస్తే బీచ్ అక్కర్లేదని నీకే తెలుస్తుంది. నా మాట విని ఈ పాటకి బీచ్ వదిలెయ్. 40 వేలకి మూడు చోట్లంటే సగం డబ్బు బండ్లకే పోతుంది. ఇజీనారం నుంచి కళింగపట్నం పొద్దు పొడిచే వేళకి చేరాలంటే పిల్లలు అర్ధరాత్రి దాటగానే లేవాలి. నిద్ర చాలని కాళ్లు డాన్స్ చెయ్యవు.

స్టెప్పుల్లో రెండు మార్పులు తప్పకుండా చెయ్యి. క్లిప్‌లో మోకాళ్ల మీద జారే స్టెప్ ఉంది, తీసెయ్. తారు రోడ్డు మీద అది చర్మం ఊడదీస్తుంది. రెండోది, ఒంటి కాలి మీద గిర్రున తిరిగే స్పిన్. హాలు నున్నటి గచ్చు మీద షూ జారుతుంది, తారు మీద రబ్బరు అడుగు పట్టేస్తుంది; ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, మెలి అంతా మోకాలి మీద పడుతుంది. దాని బదులు రెండు అడుగుల్లో తిరిగేలా మార్చు. రిహార్సల్ ఇంక హాల్లో వద్దు. షూట్‌కి వేసుకునే బూట్లతోనే ఏదైనా ఖాళీ రోడ్డు మీద చేయించు. తర్వాత ఒక పొద్దున్న అసలు చోటికి తీసుకెళ్లి, పాట లేకుండా, కెమెరా లేకుండా, నోటితో కౌంట్ చెప్పుకుంటూ ఆ దారంతా నడిపించు. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ కాలవ మూత లేచి ఉంది, ఎక్కడ ఆవులు పడుకుంటాయి, ఇవన్నీ ఆ రోజు తేలిపోతాయి.

డాన్సర్లు ఇంకా కావాలంటే దూరం వెళ్లక్కర్లేదు. 1919లో మొదలైన మహారాజా సంగీత నృత్య కళాశాల మనూళ్లోనే ఉంది. చేతులతో, కాళ్లతో వేరువేరు తాళాలు ఒకేసారి చూపించిన ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా నడిపిన చోటు అది. శాస్త్రీయం నేర్చుకునే పిల్లలు పాప్‌కి పనికిరారని కొందరంటారు. నేను ఒప్పుకోను. లయ ఒంట్లో ఉన్న పిల్లకి హుక్ స్టెప్ (పాటలో అందరికీ గుర్తుండిపోయే స్టెప్పు) నేర్పడం ఒక సాయంత్రం పని. హుక్ స్టెప్ వచ్చిన పిల్లకి లయ నేర్పడానికి ఏళ్లు పడుతుంది.

ఇక ఎప్పుడు తియ్యాలన్నది. నువ్వు మేలో తీద్దామన్నావు, కాలేజీ సెలవులని. మేలో మన వైపు సుమారు 5:20కే పొద్దు పొడుస్తుంది. ఏడున్నర దాటితే ఎండ నెత్తిమీదకొచ్చి కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. మంచి వెలుగంతా ఆరులోపే సగం అయిపోతుంది. కానీ శబ్ద కాలుష్య నియమాలు, అంటే 2000 సంవత్సరం నాటివి, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా బయట లౌడ్‌స్పీకరు పెట్టనివ్వవు. పగలైనా రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆసుపత్రి, స్కూలు, కాలేజీ, కోర్టు, వీటి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తారు, అక్కడ పగలు కూడా కుదరదు. వెలుగున్నప్పుడు పాట పెట్టలేవు, పాట పెట్టే వేళకి వెలుగు పోతూ ఉంటుంది. జనవరిలో ఈ చిక్కు లేదు. ఆరున్నరకి పొద్దు పొడుస్తుంది, తొమ్మిది దాకా ఎండ పక్కనుంచే పడుతుంది, పొద్దున్నే సన్నటి మంచు ఉంటే ఇంకా అందం. ఆరింటికి స్పీకరు సర్దుకుని ఆరున్నరకి మొదటి టేక్ మొదలుపెట్టొచ్చు.

ఇంకో లాభం ఉంది. ధనుర్మాసంలో ప్రతి గుమ్మం ముందూ ముగ్గులుంటాయి. వాటి పక్కనుంచి నడు, మీద కాలు పడనివ్వకు. ఒక ముగ్గు తొక్కితే ఆ వీధి అమ్మలంతా నీకు ఎదురు తిరుగుతారు, అందులో న్యాయం కూడా ఉంది. సంక్రాంతి మూడు రోజులూ మానుకో, రద్దీ చెప్పలేం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఆ దారిలో షూట్ అనే ఆలోచనే పెట్టుకోకు. అక్టోబరు అంటే నాకు తుఫాను భయం కూడా ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ఎవరైనా సిక్కోలులో తియ్యాలనుకుని ఇది చదువుతుంటే, అరసవల్లి వైపు ఆదివారం వెళ్లకండి. సూర్యనారాయణమూర్తికి ఆ రోజే జనం ఎక్కువ.

ఇప్పుడు పాట వినిపించే సంగతి. రోడ్డు మీద తీసిన డాన్స్ వీడియోల్లో ఎక్కువ చెడేది ఇక్కడే, ఎడిటింగ్‌లో కూర్చున్నాక కానీ తెలియదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. స్పీకరు కెమెరా పక్కన పెట్టి, డాన్సర్ని 34 మీటర్ల దూరంలో నిలబెట్టావనుకో, బీట్ ఆ పిల్ల చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. నీ పాటలో ఒక్కో బీట్ 0.6 సెకన్లు. అంటే బీట్‌లో ఆరో వంతు వెనక పడింది. 25 ఫ్రేముల వీడియోలో అది రెండు మూడు ఫ్రేములు. అందరూ ఒకే దూరంలో ఉంటే ఎడిటింగ్‌లో జరిపేయొచ్చు. కానీ ఒకరు 5 మీటర్ల దగ్గర, ఇంకొకరు 35 మీటర్ల దగ్గర ఉంటే ఇద్దరూ వేరువేరు ఆలస్యాలతో ఆడతారు. ఒకరికి సర్దితే ఇంకొకరికి తప్పుతుంది. చూసేవాళ్లకి "వెనకమ్మాయి లేటు" అనిపిస్తుంది. పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు, తనకి వినపడ్డదానికి సరిగ్గానే ఆడింది. తప్పెటగుళ్లవాళ్లకి ఈ బాధే లేదు, తాళం వాళ్ల రొమ్ము మీదే ఉంది.

అందుకని స్పీకరు ఎప్పుడూ డాన్సర్లకి దగ్గర్లో, ఫ్రేము అంచుకి ఆవల పెట్టు. బృందం మధ్యభాగానికి పక్కగా ఉంటే ముందువాళ్లకీ వెనకవాళ్లకీ దాదాపు సమాన దూరం వస్తుంది. నడిచే షాట్లలో ఒకరు స్పీకరు పట్టుకుని ఫ్రేము బయట వాళ్లతో పాటే నడవాలి. రెండు బ్లూటూత్ స్పీకర్లు రెండు చివర్ల పెట్టకు. ఒక్కోదాని ఆలస్యం ఒక్కోలా ఉంటుంది, మధ్యలో ఉన్నవాళ్లకి బీట్ రెండుగా వినిపిస్తుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ తలొకటి పెట్టుకుందామనే ఆలోచనకీ ఇదే జవాబు. ఫోన్‌కి వైరుతో కలిపిన ఒకే బ్యాటరీ స్పీకరు చాలు. పెద్దది అక్కర్లేదు, అంత పొద్దున్న ఊరు నిశ్శబ్దంగానే ఉంటుంది.

ప్లేబ్యాక్ ఫైల్ ఇంట్లోనే తయారుచేసుకో. మొత్తం పాట ఒకటి. తర్వాత పల్లవి, మొదటి చరణం, రెండో చరణం, ఆఖరి పల్లవి, ఒక్కోటీ విడిగా. ప్రతిదానికీ ముందు ఎనిమిది కర్ర దెబ్బలు రికార్డు చెయ్యి. ఆ టక్ టక్ విని అందరూ ఒకే ఊపిరిలో మొదలుపెడతారు. ఎడిటింగ్‌లో కూడా ఆ టక్‌లని పట్టుకునే సింక్ చేస్తావు. కెమెరా మైకు ఆఫ్ చెయ్యకు. అది కూడా స్పీకరుని కాస్త ఆలస్యంగానే వింటుంది కాబట్టి, దూరం నుంచి తీసిన షాట్లని చివర్లో చెవితో కాకుండా కంటితో సరిచూడు: పాదం నేలని తాకిన ఫ్రేము బీట్ మీద పడాలి.

పర్మిషన్లు. ఒక తెల్లకాగితం మీద తెలుగులోనే రాయి: నువ్వెవరు, ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంతమంది, ఏయే చోట్లు, బ్యాటరీ స్పీకరు ఒకటి, రోడ్డు మూయము, ఇద్దరి ఫోన్ నంబర్లు. ఒక కాపీ ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కి, ఒకటి ట్రాఫిక్ వాళ్లకి, ఒకటి కార్పొరేషన్ కమిషనర్ ఆఫీసుకి. స్పీకరు అనుమతి సంగతి స్టేషన్‌లోనే విడిగా అడుగు. నీ కాపీ మీద ముట్టినట్టు ముద్ర, సంతకం వేయించుకుని, షూట్ రోజు అసలు కాగితం జేబులో ఉంచుకో, ఫోన్‌లో ఫొటో ఉంది అనకు. వారం, పది రోజులు ముందే వెళ్లు. నేను చూసినంతలో ముందొచ్చి పద్ధతిగా అడిగిన పిల్లలకి చాలామంది సాయమే చేస్తారు. చెప్పకుండా మొదలుపెట్టి, బండ్లు ఆగిపోయాక సారీ సార్ అంటే ఎవరూ వినరు. దారికి అడ్డం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద నేరం, 5 వేల దాకా జరిమానా ఉంది. అంతకన్నా ముఖ్యం, ఆ టైంలో అంబులెన్సు రావచ్చు. అందుకే రోడ్డులో సగం ఎప్పుడూ ఖాళీగా ఉండేలా డాన్స్ కట్టు.

కోట లోపల తియ్యాలంటే అక్కడ కళాశాలలు నడుపుతున్న మాన్సాస్ ట్రస్టుని అడగాలి. గుడి ఆవరణ అయితే ఈవోని. శ్రీముఖలింగం, శాలిహుండం లాంటివి కేంద్ర పురావస్తు శాఖ కిందున్నవి, అక్కడ షూటింగ్‌కి వేరే దరఖాస్తు, ఫీజు ఉంటాయి. నీ స్థాయి పాటకి అది పెట్టుకోవద్దు. రైలు పట్టాల మీద మాత్రం ఒక్క సెకను షాట్ కూడా వద్దు, బతిమాలి చెప్తున్నా. రైల్వే చట్టం 147 కింద అది నేరం, దాన్ని మించి ప్రాణాపాయం. డ్రోన్ అడిగావు. 250 గ్రాముల లోపు ఉండే నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అయినా ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో మ్యాప్‌లో చూడాలి, భోగాపురం ఎయిర్‌పోర్టు దరిదాపుల్లో అసలొద్దు. నన్నడిగితే డ్రోనే వద్దు. పైనుంచి చూస్తే తలలు కనిపిస్తాయి, పాదాలు కనిపించవు. పాదాలు కనిపించని డాన్స్ వీడియో నాకు ఆనదు.

"జనం అడ్డొస్తే" అన్నావు చూడు, ఆ మాట మార్చుకుంటే సగం పని అయినట్టే. వాళ్ల వీధిలోకి నువ్వెళ్తున్నావు. ముందు రోజు సాయంత్రం ఆ దారిలో ఉన్న కొట్లవాళ్లందరికీ నువ్వే వెళ్లి చెప్పు. టీ కొట్టాయనకి మరీ ముఖ్యంగా చెప్పు. పొద్దున్నే తెరిచేది ఆయనే, అందరూ ఆగి అడిగేదీ ఆయన్నే. మీ టీములో మాట మంచిగా ఉన్న ఒక పెద్దమనిషిని జనంతో మాట్లాడ్డానికే పెట్టు, ఇంకే పనీ అప్పజెప్పకు. "ఏటవుతాదిక్కడ? ఏ సినిమా? హీరో ఎవులు?" అని అడుగుతారు. "సినిమా కాదు మావయ్యా, మనూరి కుర్రోడి పాట. మూడు నిమిషాలు అలా గుమ్మంలో నిలబడి చూడండి, మీరూ పడతారు" అంటే చాలు. నిలబడతారు. పైగా వాళ్ల మొహంలో వచ్చే ఆ నవ్వు డబ్బిచ్చి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టు దగ్గర దొరకదు. కెమెరా వైపు చూస్తున్నారని కట్ చెయ్యకు, వీధిలో ఎవరైనా డాన్స్ చేస్తే చూడరా మరి? ఒకరి మొహం దగ్గరగా తీస్తే మాత్రం అడిగి తియ్యి. పిల్లలైతే అమ్మానాన్నల్ని అడుగు. వద్దన్నవాళ్లని ఎడిటింగ్‌లో తీసెయ్, మర్చిపోకుండా.

నిలబడే చోట్లకి టేపు వేస్తే తారు మీద ఊడిపోతుంది, వీడియోలో కూడా కనిపిస్తుంది. ముగ్గుపిండితో చిన్న చుక్కలు పెట్టు. ఆ నెలలో రోడ్డు మీద ముగ్గు చుక్క ఎవరికీ వింతగా అనిపించదు, అయిపోయాక చీపురుతో ఒక ఊపు చాలు.

అమ్మాయిల సంగతి నువ్వు ఒక్క ముక్క కూడా అడగలేదు. నలుగురు ఆడపిల్లలు నడిరోడ్డు మీద డాన్స్ చేస్తున్నారంటే, ఫోన్లు పట్టుకుని దగ్గరకొచ్చేవాళ్లు, ఏదో ఒకటి అనేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకరి అమ్మనో, పిన్నినో తప్పకుండా తీసుకురా. ఆవిడకి కుర్చీ వెయ్యి, మొదటి టిఫిన్ ఆవిడకే పెట్టు. బట్టలు మార్చుకోడానికి, బాత్రూముకి దగ్గర్లో ఎవరిదైనా ఇల్లు ముందే మాట్లాడుకో, కారులో మార్చుకోమనకు. ఒక సైగ పెట్టుకోండి, ఏ పిల్లైనా చెయ్యి తలమీద పెడితే టేక్ ఎంత బాగా వస్తున్నా వెంటనే ఆగిపోవాలి. కారణం అప్పుడే అడగొద్దు. వేసుకునే బట్టలు వాళ్లకి నచ్చాలి, ఇంట్లో చూపించడానికి ఇబ్బంది ఉండకూడదు. వీడియో బయటికొచ్చాక కింద వచ్చే పిచ్చి కామెంట్లు తీసెయ్యడం నీ పనే, వాళ్ల పని కాదు.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. ఫోన్ చాలు. మాన్యువల్ సెట్టింగులున్న యాప్ వేసుకుని 25 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొట్ల ట్యూబులైట్లు అప్పుడు మినుకుమినుకుమనవు. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు లాక్ చెయ్యి. కెమెరా నడుము ఎత్తు కంటే కిందుంటే అడుగుకి బరువు కనిపిస్తుంది. ప్రతి రెండు బీట్లకీ ఒక కట్ వేసి చెడగొట్టకు. పిల్లలు నిజంగా డాన్స్ చేశారని తెలియాలంటే కనీసం నాలుగు ఎయిట్లు ఆగకుండా నడవాలి. ముందు పాట మొత్తాన్ని వెడల్పుగా తీసేసుకో, సరిగ్గా రెండు వచ్చేదాకా. తర్వాతే దగ్గరి షాట్లు. వాన పడ్డా, పోలీసులు ఆపినా, అప్పటికి నీ చేతిలో ఒక వీడియో ఉంటుంది. స్లో మోషన్‌లో పెదాలు పాటకి కలవాలంటే 50 ఫ్రేముల్లో తీస్తూ పాటని రెట్టింపు వేగంతో వినిపించాలి. ఆ వేగంలో పాడటమే కష్టం, డాన్స్ మాట చెప్పక్కర్లేదు, కాబట్టి ఒకటి రెండు లైన్లకే పెట్టుకో. రీల్స్ కోసం హుక్ స్టెప్‌ని ఫోన్ నిలువుగా పెట్టి విడిగా తియ్యి. అడ్డంగా తీసినదాన్ని కోస్తే ఆరుగురిలో ఇద్దరే మిగులుతారు.

ముందు ముందు బీచ్‌లో తీసే రోజు వస్తే ఇవి గుర్తుంచుకో. మన సముద్రం తూర్పున ఉంది, పొద్దు అందులోంచి లేస్తుందే కానీ అందులో మునగదు. సాయంత్రం వెళ్లి అస్తమయం కోసం చూస్తే వెనక సరుగుడు తోటల్లోకి పోతుంది. తడి ఇసుక మీదే ఆడాలి, పొడి ఇసుకలో ఎగిరినా ఎత్తు రాదు. నీళ్లలోకి చీలమండ దాటి దిగొద్దు, కళింగపట్నంలో అయితే వంశధార కలిసే చోటుకి మరీ దూరంగా ఉండండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికొస్తాయి, అందుకే రాత్రి లైట్లేసి షూట్ చెయ్యడం తప్పు. మీకు కళింగపట్నం కన్నా పూసపాటిరేగ మండలం చింతపల్లి చాలా దగ్గర, లైట్‌హౌసు అక్కడా ఉంది.

బీట్ లైసెన్సు కాగితం బయటికి తీసి ఒకసారి చదువు. తక్కువ ధరకి వచ్చేవి చాలావరకు అందరికీ అమ్మేవే. అందులో ఇన్ని వ్యూస్ దాకానే అనో, వీడియోకి వేరే అనో రాసి ఉండొచ్చు. అలాంటి బీట్ మీద పాట పెట్టి కంటెంట్ ఐడీ (మన పాట ఇంకొకరి వీడియోలో ఉంటే యూట్యూబ్ తనంతట తనే పట్టుకునే పద్ధతి) ఆన్ చేస్తే, అదే బీట్ కొన్న ఇంకో పిల్లాడి వీడియోకి నీ పేరుతో క్లెయిమ్ పడుతుంది, లేదా నీకే పడుతుంది. కుదిరితే ఆ బీట్ నీ ఒక్కడికే ఇచ్చే లైసెన్సు కొనుక్కో, లేకపోతే కంటెంట్ ఐడీ జోలికి వెళ్లకు. పాటని యాప్‌లలో పెట్టే డిస్ట్రిబ్యూటరు ఐఎస్ఆర్సీ నంబరు (ప్రతి రికార్డింగ్‌కీ ఉండే గుర్తింపు నంబరు) ఇస్తాడు, అది రాసి పెట్టుకో. పాట రాసిందీ కట్టిందీ నువ్వే కాబట్టి, పాట రాసినవాళ్లకీ కట్టినవాళ్లకీ రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వానికి ఇప్పుడే దరఖాస్తు చెయ్యి. క్లిప్‌లో రెండో పల్లవి స్టెప్ ఒక కేపాప్ పాటలోది, నాకు వెంటనే తెలిసింది, అందరికీ తెలుస్తుంది. రికార్డయిన కొరియోగ్రఫీకి కూడా 1957 కాపీరైట్ చట్టంలో నాటక రచనలతో పాటు రక్షణ ఉంది. దాన్ని మార్చు. నీ పిల్లల్లో ఎర్ర చున్నీ కట్టుకున్న అమ్మాయి బ్రేక్‌లో ఆడుతూ ఒక భుజం స్టెప్ వేసింది, క్లిప్ చివర్లో ఉంది చూడు. అదే నీ హుక్.

డబ్బు విషయంలో నా లెక్క ఇది. ముందు ఆరుగురికీ ఇవ్వాల్సింది పక్కన పెట్టు, రిహార్సల్ రోజులకి కూడా ఎంతో కొంత. ఫ్రెండ్స్ కదా, ఊరికే చేస్తారు అనకు. ఎంత ఇస్తున్నావో, వీడియో ఎక్కడెక్కడ వాడతావో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటే అమ్మానాన్నల సంతకం. తర్వాత టిఫిన్లు, మంచినీళ్లు, నొప్పికి స్ప్రే, క్రేప్ బ్యాండేజీ. తర్వాత ఎడిటింగ్, కలరింగ్. మిగిలితే లెన్సు, గింబల్ (ఫోన్ కదలకుండా పట్టే పరికరం) అద్దెకి. బట్టలకి ఎక్కువ పెట్టకు. మామూలు బట్టల్లోనే ఒకే రంగు కుటుంబంలో ఉంటే సరిపోతుంది, స్తంభం దగ్గర ఆ రంగు విడిగా తెలిసేలా చూసుకో.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది: డాన్స్‌ని నాలుగు వైపులకీ మార్చి, ఖాళీ రోడ్డు మీద ఒక రిహార్సల్ తియ్యి. ఒకే ఫోన్, మధ్యలో ఆపకుండా, బృందం చుట్టూ ఒక పూర్తి రౌండు తిరుగుతూ. అది, బీట్ లైసెన్సు కాగితం ఫొటో, రెండూ ఇక్కడే పెట్టు. చూసి ఏ ఎయిట్ ఎక్కడ పడాలో రాస్తాను.